ప మీద తలకట్టు

పరిశుద్ధ అన్న మాటను వరిశుద్ధ చేసింది నేను. డీటీపీ చేసినావిడ కాదు, ఫాంటు కాదు, కంప్యూటరు కాదు. చర్చి కమిటీ నన్ను సూటిగా అడిగిన రోజున ఈ ముక్క చెప్పలేదు. చెప్పకపోవడంతో ఆగితే సగం తప్పే అయ్యేది. నింద మరొకరి మీదికి వెళ్ళేలా ఒక మాట కూడా అన్నాను. లేజర్ కటింగ్ పని ఎలా ఉంటుందో రాయమని మిత్రులు అడుగుతూ ఉంటారు. రాస్తాను. కానీ ముందు ఇది రాయకుండా మిగతాది రాయడం నాకు చేతకావడం లేదు.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో అమలాపురం శివార్లలోని ఒక వర్క్‌షాపులో ఆపరేటరుగా చేరాను. మాది రాజోలు వైపు ఊరు. అంతకు ముందు చాలా ఏళ్ళు గల్ఫ్‌లో బోర్డులు తయారుచేసే కంపెనీలో ఉన్నాను. హెల్పరుగా వెళ్ళి, సీనియర్ ఆపరేటరుగా తిరిగొచ్చాను. వర్క్‌షాపు యజమాని సూర్రాజు గారు గేట్లు, మెట్ల రెయిలింగులు చేయించేవారు. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేని మిషన్ తేవాలన్న పట్టుదలతో ఫైబర్ లేజర్ కొన్నారు. దాన్ని నడిపే మనిషి కోసం వెతుకుతూ నన్ను పట్టుకున్నారు.

చదివేవారికి ఒక్క సంగతి చెప్పాలి. చెక్క, యాక్రిలిక్ కోసే పాత రకం లేజర్ ఇత్తడిని కోయలేదు. ఇత్తడికి ఫైబర్ లేజరే కావాలి. దానికి కూడా ఇత్తడంటే భయమే. ఇనుము వెలుతురును మింగుతుంది, ఇత్తడి తిప్పికొడుతుంది. రేకుకు మొదటి చిల్లు పొడిచే క్షణంలో కిరణం అద్దం మీద పడ్డట్టు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. వెళ్ళి మిషన్ గుండెకాయ లాంటి సోర్సుకు తగులుతుంది. చిల్లు పడ్డాక ఫరవాలేదు. పక్కనుంచి నైట్రోజన్ గ్యాసు కరిగిన లోహాన్ని ఊదేస్తుంటే కోత వెన్నలా సాగిపోతుంది. కాబట్టి ఇత్తడి పనిలో మొదటి పాఠం, చిల్లులు ఎంత తక్కువైతే అంత మంచిది. నేను చేరిన కొత్తలో ఒకసారి సోర్సు దెబ్బతిని, హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చేదాకా మిషన్ మూతపడింది. అప్పటినుంచి సూర్రాజు గారికి ఇత్తడి షీటు కనిపిస్తే చాలు, "ప్రభాకరూ, చిల్లులు తగ్గించవయ్యా బాబూ" అనడం పొద్దున్నే టీ తాగినంత అలవాటైంది.

తెలుగు అక్షరాలతో ఇక్కడే చిక్కు. క, ర, వ లాంటి వాటికి తలకట్టు ఒంటికి అంటుకునే ఉంటుంది. ప, స, హ లాంటి వాటికి అంటదు, పైన విడిగా నిలబడుతుంది. కాగితం మీద దానివల్ల ఇబ్బంది లేదు. ఇత్తడిలో కోస్తే మాత్రం అక్షరం రెండు ముక్కలవుతుంది. తలకట్టు కోసం ఇంకో చిల్లు పొడవాలి. ఆ చిన్నముక్క మిషన్ బల్ల పళ్ళ మధ్యలోంచి అడుగున ట్రేలోకి జారిపోతుంది, లేదా పక్కకి లేచి నాజిల్‌కి కొట్టుకుంటుంది. గోడకు బిగించడానికి దాని వెనక విడిగా మేకులు అతకాలి. ఒత్తులు కూడా విడి ముక్కలే కానీ అవి పెద్దవి, మాట వింటాయి. తలకట్టు వినదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. స్క్రీన్ మీద తలకట్టుకూ ఒంటికీ మధ్య సన్నటి మెడ ఒకటి గీసి, రెండూ ఒకే ముక్కగా కోసేవాణ్ణి. బట్టల షాపులకూ మెడికల్ షాపులకూ ఎన్నో స లు, హ లు అలా కోశాను. ఎవరూ ఏమీ అనలేదు. స కి మెడ పెట్టినా స గానే చదువుతాం, హ కైనా అంతే. ప కి పెడితే వ అవుతుంది. ఒకటో తరగతిలో పలక మీద నేర్చుకున్న ఈ తేడా నాకు తెలియదని కాదు. పని చేసేటప్పుడు దాన్ని అక్షరంగా చూడలేదు, అంతే.

దానికీ ఒక కారణం ఉంది, సాకు కాదు. గల్ఫ్‌లో నేను కోసినవన్నీ అరబ్బీ అక్షరాలు. నాకు ఒక్కటీ చదవడం రాదు. అక్కడ చుక్కలు విడిగా ఉంటాయి. చుక్క కదిలితే అక్షరమే మారిపోతుంది. నాకు తెలియదు కాబట్టే, గీత కదిపిన ప్రతిసారీ భాష వచ్చిన సూపర్‌వైజరు చూసి సరేనన్నాకే మిషన్ ఆన్ చేసేవాళ్ళం. ఇక్కడ భాష నాదే. అందుచేత ఎవరికీ చూపించలేదు. రాని భాషను జాగ్రత్తగా కోసినవాణ్ణి, వచ్చిన భాష దగ్గర అజాగ్రత్త అయ్యాను.

ఇక అసలు పని. పి.గన్నవరం దగ్గర ఒక చర్చికి కొత్తగా నల్ల గ్రానైట్ ముఖద్వారం కట్టారు. దాని మీద ఇత్తడి అక్షరాలతో పేరు పెట్టాలనుకున్నారు. పేరు మొత్తం ఇక్కడ రాయను. మొదటి మాట 'పరిశుద్ధ', తరువాతి మాట 'సహవాస'. అక్షరాలను కంప్యూటర్లో కూర్చింది కరుణ గారు. ఆ చర్చి సభ్యురాలే. అమలాపురంలో కోర్టు దగ్గర డీటీపీ సెంటరు నడిపేవారు. కోర్టు కాగితాలు, పెళ్ళికార్డులు, ఆరాధన కరపత్రాలు అన్నీ ఆవిడ దగ్గరే. ఆవిడ కొట్టిన కాగితం మళ్ళీ చదవక్కర్లేదని ప్లీడర్లు కూడా అనేవారు. ఆ చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి కొత్త పాటల పుస్తకం వేయిద్దామనుకుంటున్న రోజులవి. దాని అక్షరకూర్పు ఆవిడకే ఇస్తారని అందరికీ తెలుసు. ఆవిడ కూడా ఆ పని మీదే మనసు పెట్టుకున్నారు.

ఆవిడే స్వయంగా పెన్‌డ్రైవ్ తెచ్చి ఇచ్చారు.

"ప్రభాకర్ గారూ, అన్నీ కర్వులు చేసేనండి. ఒక్కటి కూడా కదపకండేం."

"కదిపితే ఏమౌతుందండీ?" అన్నాను నవ్వుతూ.

"కదిలేవి అక్షరాలు కాదండి, నా కస్టమర్లు."

కర్వులు చేయడం అంటే, టైపు చేసిన అక్షరాన్ని ఫాంటుతో సంబంధం లేని గీతగా మార్చడం. ఒకసారి అలా మార్చాక ఏ కంప్యూటర్లో తెరిచినా గీత మారదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

షీటు వృథా కాకుండా అక్షరాలను వరసలో పెట్టం. ఒకటి తిరగేసి, ఒకటి పక్కకి పడుకోబెట్టి, సందుల్లో సర్దుతాం. ద్ధ పక్కన ప తలకిందులుగా ఉంది. మెడలు పెట్టాను. ప కి, రెండు స లకి, హ కి. మాట మాటగా నా కళ్ళ ముందుకు ఎప్పుడూ రాలేదు. గోడకు చిల్లులు వేయడానికిచ్చే కాగితం నమూనా కూడా నేను మార్చిన ఫైలులోంచే తీశాను. బిగించిన మేస్త్రీలు ఒడిశా వాళ్ళు, తెలుగు చదవలేరు. బిగించగానే తెల్లగుడ్డ కప్పేశారు.

ప్రతిష్ఠ ఆదివారం నాడు పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి తాడు లాగారు. గుడ్డ జారింది. మధ్యాహ్నపు ఎండ ఇత్తడి మీద పడి తళతళలాడింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. వెనకనుంచి ఒక రైతు గొంతు, మెల్లిగా అనుకుని కాస్త గట్టిగానే అన్నట్టు వినిపించింది.

"వరి శుద్ధ ఏటండీ? చర్చిలో హల్లరు గానీ పెడతన్నారా?"

పక్కాయన అందుకున్నాడు. "పెడితే మంచిదేనండి, రైసుమిల్లుకి దూరం పోనక్కర్లేదు."

నవ్వు ముందు వరసల దాకా పాకింది. చప్పట్లు ఆగిపోయాయి. నేను పైకి చూశాను. నేను పెట్టిన మెడ అక్కడి నుంచి కూడా కనిపిస్తోంది.

భోజనాలయ్యాక కమిటీ వాళ్ళు పక్క గదిలో కూర్చున్నారు. కార్యదర్శి డేవిడ్ మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, గొంతు పెంచి ఎరగరు. సూర్రాజు గారినీ నన్నూ కరుణ గారినీ పిలిచారు.

"ప్రభాకర్ గారూ, ఇది ఎక్కడ జరిగిందండీ? మీ దగ్గరా, ముందేనా?"

సూర్రాజు గారు నా వైపు చూడలేదు. ఆయన ఎందుకు చూడలేదో నాకు అర్థమైంది. అలాంటి ఆర్డర్లు ఇంకో రెండు చర్చిల నుంచి మాట్లాడుతున్నారాయన. అయినా ఆయన మీదికి నెట్టను. నోరు నాది.

"మేం వచ్చింది వచ్చినట్టే కోస్తామండి. తెలుగు ఫాంట్లు ఒక కంప్యూటర్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్తే ఒక్కోసారి ఇలా మారిపోతాయి" అన్నాను.

రెండో వాక్యం ఉత్తప్పుడు నిజమే. ఒత్తులు ఎగిరిపోయిన కరపత్రం చూడనివాళ్ళు ఆ గదిలో లేరు. అందుకే అందరూ తలలూపారు. ఆ నిజాన్ని తెచ్చి ఈ అబద్ధానికి గొడుగు పట్టాను.

కరుణ గారు లేచి నిలబడ్డారు. "కర్వులు చేసి ఇచ్చేనండి. కర్వులు చేసేక ఫాంటు ఎలా మారుద్దండీ? ఆయన్నే అడగండి. ప్రభాకర్ గారూ, మారుద్దా?"

నేను బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు వైపు చూశాను.

"మాకు ఆ కర్వులవీ తెలీవమ్మా" అన్నారు డేవిడ్ మాస్టారు మెత్తగా. "పోనీలెండి. ఎవరూ కావాలని చెయ్యరు కదా."

"చెయ్యని తప్పుకి పోనీలెండి ఏంటండీ మాస్టారూ? నా ఫైలు చూడండి, ప ప గానే ఉంది."

"ఫైలు తర్వాతైనా దిద్దేసి ఉండొచ్చు కదమ్మా" అన్నారు ఇంకెవరో. ఆవిడ ఆ మనిషి వైపు కాదు, నా వైపే చూశారు. పర్సు తీసుకుని వెళ్ళిపోయారు.

దిద్దడానికి అసలు కష్టమే లేదు. నిచ్చెనెక్కి రంపంతో ఆ మెడ తెంపి, తలకట్టు వెనక కాస్త జిగురు పెడితే వ మళ్ళీ ప అయిపోతుంది. కానీ అందరి ముందూ తెంపితే, అది అక్షరంలో భాగం కాదని, ఎవరో తరవాత గీసిన అతుకని తెలిసిపోతుంది. అందుకని ఆ అక్షరాన్ని ఊడదీయించి, వర్క్‌షాపులో మరో ప కోసి, తలకట్టు విడిగా చేసి బిగించాను. దానికి డబ్బు తీసుకోలేదని కమిటీ వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఊడదీసిన అక్షరం నా టూల్ బాక్సు అడుగున పడేశాను.

పాటల పుస్తకం పని రాజమండ్రి ప్రెస్సుకి వెళ్ళింది. అది అచ్చయి వచ్చేసరికి ఎన్ని తప్పులున్నాయో ఇప్పటికీ పాడేటప్పుడు జనం ఆగి ఆగి పాడుతారు. కరుణ గారి సెంటరు మూతపడలేదు గానీ, ఆవిడకున్న మంచిపేరు పోయింది. టీ కొట్టు దగ్గర నేను నా చెవులతో విన్నాను. "మా అమ్మాయి పేరు పద్మండి, వద్మ చెయ్యకండేం, అని చెప్పొచ్చేను ఆవిడకి" అంటూ ఒకాయన నవ్వుతున్నాడు. నాతో పాటు టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. అంతకంటే ఏమీ చేయలేదు.

ఆ తరవాత నేను మెడలు పెట్టడం మానేశాను. ప్రతి తలకట్టూ విడిగానే కోసి, ట్రేలోంచి ఏరుకునేవాణ్ణి. అది పనిలో దిద్దుబాటు. కరుణ గారికి దానివల్ల ఒరిగింది లేదు.

కిందటేడు నా కుడికన్ను మధ్యలో మసక మొదలైంది. కాకినాడలో డాక్టరు గారు చూసి, ఈ వెలుతురు ముందు ఇక కూర్చోవద్దన్నారు. యాభై దాటగానే రిటైరవుతాననుకోలేదు. టూల్ బాక్సు ఖాళీ చేస్తుంటే అడుగున ఆ ఇత్తడి వ చేతికి తగిలింది. నల్లబడింది. బొటనవేలితో మెడ తడిమాను. అక్షరం అంచులన్నీ వంపులు, అదొక్కటే తిన్నగా ఉంది. కంటికి మసకైనా వేలికి తెలిసింది. ఈ కంటి చూపు ఇంకా తగ్గేలోపు జరిగింది చెప్పేయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. ఎవరు వద్దన్నా ఆగకూడదని కూడా.

సూర్రాజు గారికి ముందు చెప్పడం ధర్మమనిపించి ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకు ప్రభాకరూ? నువ్వు మానేసేవు, నీకేం పోయింది? షాపు పేరు నాది."

"షాపు పేరెత్తనండి. ఆ మెడ నేను పెట్టేను, మీ మిషన్ పెట్టలేదు. అంతే చెప్తాను."

"వద్దంటే మానవా?"

"మాననండి."

"నీ ఇష్టం" అని పెట్టేశారు.

కరుణ గారి కొట్టు బోర్డు మీద ఇప్పుడు డీటీపీ అన్న మాట లేదు. జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు అని ఉంది. నన్ను చూసి కుర్చీ చూపించారు. కూర్చోలేదు. అక్షరం తీసి బల్ల మీద పెట్టాను. నేను నోరు తెరవకముందే ఆవిడ దాన్ని పక్కకి జరిపారు.

"ఇదెందుకండీ తెచ్చేరు? సాక్ష్యం గోడ మీదే ఉంది కదా."

నాకు అర్థం కాలేదు.

"ప ఒక్కటే మార్చేరు మీరు. స కీ, హ కీ మెడలు అలాగే ఉన్నాయండి. నా ఫైల్లో లేవవి. ప్రతి ఆదివారం లోపలికెళ్తా చూస్తన్నాను. మాస్టారు దాని కిందే నిలబడి అందర్నీ పలకరిస్తారు. ఒక్కళ్ళూ తలెత్తి చూడరు."

ఆ మూడు మెడల సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను. తప్పుగా చదవనివాటిని తప్పులని ఎప్పుడూ అనుకోలేదు కదా.

"మరి మీరెందుకు చూపించలేదండీ?" అని అడిగాను. అడగకూడని మాట.

"చూపిస్తే ఏటంటారండీ? ఇంకో మూడు తప్పులు కూడా కొట్టేవమ్మా అంటారు." జిరాక్సు మిషన్లో కాగితాలు సర్దుతూ అన్నారు. "నాకు చెప్పక్కర్లేదండి, నాకు తెలుసు. తెలియని వాళ్ళకి చెప్పండి. ఆ గదిలో కాదు. నవ్వింది మొత్తం సంఘం కదా, మైకులో చెప్పండి."

"ఆయ్, చెప్తానండి."

"ఇంకోటి. క్షమించండి అని ముందే అనేయకండి. ముందే అంటే మనవాళ్ళు అయ్యో పాపం అనేసి, మిగతాది వినరు. తప్పు ముందు, క్షమాపణ ఆఖర్న."

డేవిడ్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆరిపోయిన పొయ్యి ఎందుకండీ కెలకడం?"

"ఆరలేదు మాస్టారూ. ఆవిడ కొట్లో ఇంకా రాజుకుంటానే ఉంది. మనకి సెగ తగలట్లేదు, అంతే."

"అయ్యగారితో చెప్పి ఒక చీటీ చదివించేద్దాం లెండి, మీరు రానక్కర్లేదు."

"అబద్ధం నేనే చెప్పేను కదండీ. చీటీ చేత చెప్పించలేదు."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. నన్ను తీసుకుని చర్చి దాకా నడిచారు. ముఖద్వారం కింద నిలబడి మొదటిసారి తలెత్తి చూశారు. నేను వేలితో చూపించాను, స, హ, మళ్ళీ స. చాలాసేపు అలాగే చూశారు. "రోజూ దీని కిందే ఉంటాను" అన్నారు చివరికి. "ఆదివారం రండి."

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నా అనుభవంలోంచి చెప్పగలిగింది కొద్దే. మిషన్‌కి అక్షరం, పువ్వు, గొళ్ళెం అన్నీ ఒకటే గీత. ఆపరేటరుకి కాకూడదు. గీత ఒక్కటి కదిపినా, కదిపానని ఫైలు ఇచ్చినవాళ్ళకి చెప్పి, వాళ్ళు చదివాకే కోయాలి. సొంత భాషైతే మరీ. వచ్చింది వచ్చినట్టే కోస్తామని చెప్పదలుచుకుంటే, అలాగే కోయాలి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పిలిచారు. కరుణ గారు స్త్రీల వైపు మూడో వరసలో ఉన్నారు. మైకు చేతిలోకి తీసుకున్నాక, అనుకున్నదానికంటే గొంతు నిలకడగానే వచ్చింది. మన ద్వారం మీది మొదటి అక్షరాన్ని పాడుచేసింది నేనని చెప్పాను. పని తేలికవుతుందని తలకట్టుకు మెడ పెట్టానన్నాను. బయటికి వెళ్ళేటప్పుడు తలెత్తి చూస్తే అలాంటివి ఇంకో మూడు కనిపిస్తాయనీ, అవి కూడా నావేననీ, రేపు నా చేత్తోనే తెంపుతాననీ చెప్పాను. వచ్చింది వచ్చినట్టే కోస్తామని కమిటీతో అన్నది అబద్ధమనీ, ఫాంటు మారలేదనీ, మారదని అప్పుడే నాకు తెలుసనీ చెప్పాను. కరుణ గారి ఫైలులో ఒక్క తప్పు కూడా లేదన్నాను. వెనక ఎవరో దగ్గారు. అప్పుడు మూడో వరస వైపు తిరిగాను.

"కరుణ గారూ, మీ ప ని నేనే చెడగొట్టేనండి. చెడగొట్టి, మీరు చెడగొట్టేరనిపించేను. నన్ను క్షమించండి."